నలభై మాటల పిల్ల

తొట్టిలో గింజ ఉండగా పిండిమర ఆపకూడదు. ఆపితే గింజ రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది, పై రాయి ఎత్తి దులిపితే తప్ప మర మళ్ళీ తిరగదు. ఆ ఇంటికి కోడలుగా వచ్చిన వారంలోనే ఆమెకు నేర్పిన మొదటి పాఠం అది. ఐదేళ్ళ తర్వాత, ఆ రోజు పొద్దున్న, తొట్టి నిండా గోధుమలు ఉండగా ఆమే వెళ్ళి మోటారు ఆపేసింది.

బెల్టు రెండు చుట్లు ఊగి నిలబడిపోయింది. డబ్బాలు పట్టుకుని వరసలో ఉన్న ముగ్గురు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వేళప్పుడు ఆ వీధిలో అంత నిశ్శబ్దం వాళ్ళెవరూ ఎరగరు.

"నలభై మాటలకి టిక్కులు పెట్టింది ఎవరత్తయ్యా?" అంది కోడలు.

అత్తగారు జల్లెడ కింద పెట్టింది. కనుబొమ్మల మీద పిండి తుడుచుకోనైనా తుడుచుకోలేదు.

"ముందు మర వెయ్యి."

"ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను. నలభై మూడున్నాయి. మూడిటి మీద అనుమానం ఉండి వదిలేశాను. అబద్ధమాడే మనిషిని కాను నేను."

సంగతి ఇది. పోయిన వారం కోడలు బస్టాండులో డ్యూటీలో ఉండగా, ఆమె కూతురికి సీటు కోసం పెట్టిన దరఖాస్తు మీద, మాట ఆలస్యమైన పిల్లలకి నేర్పే మాటల కేంద్రం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మర హోరులో అడిగిందేదీ వినబడక, చెప్పిందేదీ అర్థంకాక, రెండు పేజీల కాగితం చేతిలో పెట్టింది. పాప చెప్పే మాటలకు టిక్కు పెట్టమని అందులో ఉంది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, గంటసేపు ఆలోచించి, పద్ధతిగా టిక్కులు పెట్టి ఇచ్చింది. ఈ పొద్దున్న కేంద్రం వాళ్ళు ఫోను చేసి, రెండేళ్ళ తొమ్మిది నెలలకి నలభై మాటలంటే కాస్త తక్కువే గానీ అంత ఆదుర్దా పడాల్సిందేం లేదనీ, ఇంకా అధ్వాన్నంగా ఉన్న పిల్లలు వరసలో ఉన్నారు కాబట్టి ఆ సీటు వేరేవాళ్ళకి ఇస్తున్నామనీ కోడలికి చెప్పారు. సంతోషించండి అని కూడా అన్నారు.

సంతోషించాల్సిన ఆ తల్లికి పిల్ల నోటి నుంచి ఒక్క మాట విన్న జ్ఞాపకం లేదు.

"కావాలంటే చూసుకో" అంటూ అత్తగారు బస్తాల మీద కూర్చున్న మనవరాలి వైపు తిరిగింది. తల నుంచి కాళ్ళ దాకా తెల్లగా ఉన్న ఆ పిల్లకి మరకొచ్చేవాళ్ళు పెట్టిన పేరు పిండిబొమ్మ. ఆ పేరే ఇంట్లో బొమ్మగా మిగిలింది. ఈ మధ్య ఆ పేరు వింటే తల్లికి ఒళ్ళు మండుతోంది.

బొమ్మ నానమ్మ అడిగినవన్నీ చూపించింది. బొటనవేలు పెదవికి ఆనిస్తే మంచినీళ్ళు. పిడికిలి బిగించి వదిలితే పాలు. రెండు వేళ్ళు నడిపిస్తే ఎవరో వచ్చారు. అరచేతి మీద అరచెయ్యి జారిస్తే బెల్టు జారింది. చాలు, వేడి, ఎత్తుకో, నిద్రొస్తోంది, అమ్మ బస్టాండుకి వెళ్ళింది. వరసలో ఉన్న పెద్దాయన, అబ్బో ఎంత తెలివో అని మురిసిపోయాడు. ఆ మురిపెం పుండు మీద కారంలా తగిలింది కోడలికి.

తప్పు ఒక్క ముసలావిడది అనడానికి లేదు. ఆ ఇల్లే అలాంటిది. పొద్దున ఏడింటికి మర మొదలైతే చీకటి పడేదాకా చెవిలో అరిచినా వినబడదు. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో సరుకు లెక్కలు, అలకలు, సరసాలు అన్నీ చేతుల మీదే నడిచాయి. కొత్త కోడలుగా ఈమె కూడా ఆ చేతుల భాష నెలలో నేర్చుకుని, తొట్టికి అటువైపు నుంచి మొగుడు వేళ్ళతో చెప్పే జోకులకి ఇటువైపు నుంచి నవ్వేది. పిల్ల నడక కన్నా ముందు చేతులు నేర్చుకుంటే ఇల్లంతా గర్వపడింది. ఆ గర్వంలో ఈమెకీ వాటా ఉంది. అందుకే కోపం ఇంకా ఎక్కువ.

"నోటితో ఒక్కటి చెప్పమనండి" అంది కోడలు. "నలభై వద్దు. ఒక్కటి."

బొమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బస్తాల సందులో మొహం దాచుకుంది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అంది అత్తగారు. "అది అడిగింది అడుగుతోంది, నేను పెట్టింది తింటోంది. నువ్వు ఊరందరికీ మైకులో బస్సుల వేళలు చెప్తావు. కన్నబిడ్డకి ఒక్క మాట నేర్పలేకపోయావు. పైగా పది రోజులుగా, చెయ్యి చూపిస్తే నీళ్ళివ్వనని దాహంతో ఏడిపిస్తున్నావు. నువ్వా నన్ను నిలదీసేది?"

నిజమే. బస్టాండులో ఆమె గొంతు వినని మనిషి ఆ ఊళ్ళో లేడు. మొగుడు గడ్డపార తెచ్చి, ఎవరింట్లోనో గొడవ జరుగుతున్నట్టు, నిమ్మకు నీరెత్తినట్టు రాయి కింద దూర్చాడు. మనుషులు వెయిట్ చేస్తున్నారు, తర్వాత చూసుకోండి అని మాత్రం అన్నాడు.

మైకు గదిలో కూర్చుని, బస్సుకీ బస్సుకీ మధ్య, ఆమె కేంద్రానికి నాలుగుసార్లు ఫోను చేసింది. మూడుసార్లు ఎవరో ఒకరు తర్వాత చెయ్యమన్నారు. నాలుగోసారి మాటల టీచరే ఎత్తింది. ఫైలు ఇంకా తన బల్ల మీదే ఉందనీ, సాయంత్రం ఐదింటికి పైకి పంపేస్తారనీ, పగలంతా పాపతో ఉండే మనిషి నాలుగింటికల్లా స్వయంగా వచ్చి ఆ టిక్కులేమిటో చెబితే సీటు ఆపగలననీ చెప్పింది. లేకపోతే మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు, దానికి మూడు నెలలు. మూడు నెలలకి బొమ్మకి మూడేళ్ళు నిండుతాయి. మూడేళ్ళు నిండిన పిల్లల్ని కేంద్రం తీసుకోదు. పెద్దాసుపత్రి వరసలో నిలబడాలి, ఆ వరస ఏడాదికి తక్కువ కాదు. మొక్కగా ఉన్నప్పుడు పోసే నీళ్ళు వేరమ్మా అంది టీచరు. ఆ మాట ఆమె చెవుల్లో అలాగే ఉండిపోయింది.

అంటే పొద్దున పదిమందిలో ఎవర్ని నిలదీసిందో, మధ్యాహ్నానికి వాళ్ళనే బతిమాలాలి. సెలవు చీటీ రాసిచ్చి ఇంటికొచ్చింది.

ఎలాగూ రాయి ఎత్తారు కదా అని, అరిగిన దానికి మళ్ళీ గరుకు వచ్చేలా అత్తగారు గంట్లు కొడుతోంది. ఉలి, సుత్తి, మోకాళ్ళ మధ్య రాయి. రాతి పొడి కళ్ళలో పడకుండా మొహం పక్కకి పెట్టుకుని కొడుతోంది. కోడలు ఎదురుగా వెళ్ళి నేల మీద కూర్చుంది. టీచరు చెప్పినదంతా చెప్పింది. అత్తగారు ఆఖరిదాకా విని, సుత్తి ఎత్తి మరో రెండు గంట్లు కొట్టింది.

"నా మనవరాలు మూగదని నా నోటితోనే చెప్పించాలని పంతం పట్టావన్నమాట."

"మూగదని ఎవరన్నారు? చేతులతో చెప్తోందని చెప్పండి, చాలు."

"తొందరేముంది? మావాడు నాలుగేళ్ళకి గానీ నోరు విప్పలేదు."

"ఇప్పటికీ విప్పలేదు" అంది కోడలు.

పక్కన బెల్టుకి మైనం రాస్తున్న మొగుడు ఆ మాట విన్నాడు. విని, నోరు విప్పకుండా, మైనం రాస్తూనే ఉన్నాడు.

అత్తగారి పెదవి చివర ఏదో కదిలింది. నవ్వేమో తెలియదు, నవ్వైతే మాత్రం వెంటనే మింగేసింది. సుత్తి కింద పెట్టి, వస్తానంది. ఒక షరతు మీద. పిల్లని నీళ్ళ దగ్గర ఏడిపించడం ఇవాళ్టితో ఆగాలి. ఉద్యోగం మానెయ్యమంటుందేమో, తన కాళ్ళు పట్టుకోమంటుందేమో అనుకున్న కోడలికి ఆ షరతు విని మనసు ఒక క్షణం మెత్తబడింది. మెత్తబడినందుకు తన మీద తనకే చిరాకు వేసింది. సరే అంది.

మాటల కేంద్రంలో ఆ గది చిన్నది. పొట్టి బల్ల, పొట్టి కుర్చీలు, చాప మీద చెక్క దిమ్మలు, రంగు బంతులు. గోడలకి మెత్తటి గుడ్డ అతికించి ఉంది, బయటి చప్పుడు లోపలికి రాదు. మాటల టీచరు నెరిసిన జుట్టు మీదికి కళ్ళజోడు తోసుకుని, అత్తగారికి ఎదురుగా కూర్చుంది. బొమ్మ నానమ్మ ఒళ్ళో.

అత్తగారు చెప్పింది. చేదు మందు మింగే మనిషిలా కళ్ళు మూసుకుని చెప్పింది. ఇవన్నీ చేత్తో చూపించేవే, నోటితో ఒక్కటీ లేదు, మా ఇంట్లో అవి కూడా మాటలే గనక టిక్కులు పెట్టాను. కోడలు ఊపిరి వదిలింది. చెయ్యి చూపిస్తే కోడలు నీళ్ళివ్వని సంగతి కూడా అత్తగారు పనిలో పనిగా చెప్పేసింది.

టీచరు కసురుకోలేదు. నలభై గుర్తులున్న పిల్లకి నలుగురితో చెప్పాలన్న కోరిక గట్టిగా ఉన్నట్టే, అది సగం పని అంది. ఆ తర్వాత తల్లి వైపు తిరిగింది.

"చెయ్యి చూపిస్తే నీళ్ళివ్వద్దని మీకెవరు చెప్పారు?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. నోటితో అడిగేదాకా..."

"అడిగింది కదమ్మా, చేత్తో. ఇవ్వండి. ఇస్తూ మీరు నోటితో నీళ్ళు అనండి. పదిసార్లు, వందసార్లు. చెయ్యి ఆపితే మాట వస్తుందనుకోవడం పొరపాటు. ఉన్న దారి మూసుకుపోతుంది, అంతే."

కోడలి మొహం మాడిపోయింది. అత్తగారి మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. ఆ వెలుగు అర నిమిషం కూడా నిలవలేదు.

టీచరు తల వంచి రాసుకుంటూ, పగలు పాప ఎన్ని గంటలకి పడుకుంటుందమ్మా అని అడిగింది. అత్తగారు పలకలేదు. గెలిచిన గర్వం అనుకుంది కోడలు. టీచరు రాస్తూనే ఇంకోసారి అడిగింది. అత్తగారు గోడ మీది బొమ్మలు చూస్తోంది.

అప్పుడు ఒళ్ళో ఉన్న బొమ్మ, బల్ల కిందికి దొర్లిన ఎర్ర బంతి వైపు చూస్తూ, "బా" అంది.

తల్లి ఉలిక్కిపడింది. చిన్న గొంతు, కాస్త బొంగురు. అది తన కూతురి గొంతని గుర్తుపట్టడానికి ఆమెకి క్షణం పట్టింది.

నానమ్మ కదల్లేదు. బొమ్మ కొంచెం గట్టిగా, "బా" అంది. నానమ్మ గోడ వంకే చూస్తోంది. బొమ్మ మూడోసారి అనలేదు. వెనక్కి తిరిగి, రెండు చేతులతో నానమ్మ గడ్డం పట్టుకుని, మొహాన్ని తన వైపు తిప్పుకుని, చేతులు గుండ్రంగా చేసి చూపించింది.

"ఓహో, బంతా తల్లీ?" అని అత్తగారు వెంటనే వంగి తీసిచ్చింది.

టీచరు కలం ఆగింది. చేతిలోని కాగితం నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో, "పెద్దమ్మగారూ, మీ వెనక తలుపు తీసి ఉంది" అంది.

"అవునమ్మా" అంది అత్తగారు నవ్వుతూ. "చాలా తెలివైన పిల్ల."

బొమ్మ ఎన్నిసార్లు పిలిచి ఉంటుంది? పగలంతా, రోజుల తరబడి, ఆ హోరులో, ఆ ఒళ్ళో కూర్చుని. ఎన్నోసారికి మానేసి ఉంటుంది? కోడలికి అత్తగారిని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఆ కోపం మొహంలో కనబడిందేమో, టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టి గొంతు తగ్గించి చెప్పింది. నేరం ఎవరి మీదా తోసెయ్యకండి. మాట ఆలస్యం కావడానికి సవాలక్ష కారణాలుంటాయి, ఇదొక్కటే అని నేను అనలేను. పాప చెవులు బాగున్నాయని ముందే చేసిన పరీక్షలో తేలింది, అది అదృష్టం. పగలు పాప పిలిస్తే పలికే మనిషి దగ్గరుండాలి. పెద్దావిడకి కూడా చెవుల పరీక్ష చేయించండి.

సీటు ఆపినట్టు ఒక కాగితం ఇచ్చింది. పగటిపూట పాపతో ఉండి, ఇంట్లో అభ్యాసం చేయించే మనిషి పేరు అందులో రాయాలి. తల్లి, తండ్రి ఇద్దరి సంతకాలూ ఉండాలి. మర్నాడు పది గంటల్లోపు ఇవ్వకపోతే సీటు లేనట్టే.

బయట మెట్ల మీద అత్తగారు ఆగింది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు. మొహాలు చదవడంలో నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"మర దగ్గర బతికినవాళ్ళ చెవులు ఇంతే. నాదేం వింత కాదు" అంది. "మావాడికి మాత్రం చెప్పకు. తెలిస్తే నన్ను మరలో అడుగు పెట్టనివ్వడు. బెల్టు తెగే చప్పుడు వినబడని మనిషిని ఎవరు పెట్టనిస్తారు? మర లేకపోతే ఏం చెయ్యను నేను, గోడలు చూస్తూ కూర్చోనా? నువ్వు చెప్పమన్నది లోపల చెప్పాను. బదులుకి బదులు."

"నా బిడ్డ పిలిచి పిలిచి మానేసింది" అంది కోడలు, రోడ్డు వైపు చూస్తూ. "మీకు మీ మర గోల."

"ఏమన్నావు? ఇటు తిరిగి చెప్పు."

కోడలు తిరగలేదు. వినబడని మనిషిని ఎంత తేలిగ్గా శిక్షించవచ్చో ఆమెకి అప్పుడే తెలిసింది. దారంతా అలాగే పక్కకి చూస్తూ నడిచింది. చెప్పననీ అనలేదు, చెప్తాననీ అనలేదు.

వాళ్ళు వచ్చేసరికి మర కట్టేశారు. మొగుడు ఖాళీ బస్తాలు మడత పెడుతున్నాడు. అత్తగారు నేరుగా చీపురు అందుకుని, వాళ్ళకి వీపు పెట్టి, రాయి చుట్టూ రాలిన పిండి ఊడవడం మొదలుపెట్టింది. కోడలు పిల్లని చంకనేసుకుని, కాగితం మొగుడి ముందు పెట్టింది.

"సీటు నిలబడింది. సంతకం పెట్టండి."

అతను చదివాడు. పగటిపూట పాపతో ఉండే మనిషి అన్న చోట ఆమె దారిలోనే తన పేరు రాసుకుంది. నెలాఖరుకి మైకు గది తాళాలు ఇచ్చేస్తానని చెప్పింది. ఆ గదిలో తప్ప ఆమె మాట వినబడే చోటు ఇంకోటి లేదు.

"పాప పిలిస్తే విని పలికే మనిషి ఉండాలట" అంది.

అతను తల ఊపాడు. జేబులో కలం కోసం వెతుక్కున్నాడు.

ఆమె అతన్నే చూస్తోంది. ఐదేళ్ళలో అతను వాళ్ళమ్మ మాట దాటింది లేదు. పిల్ల పుట్టాక ఉద్యోగానికి తిరిగి వెళ్ళేటప్పుడు, అమ్మ ఉంది కదా, నీకెందుకు దిగులు అన్నదీ అతనే. ఇప్పుడు పెళ్ళాం ఉద్యోగం మానేస్తానంటే, ఎందుకని అడగకుండా కలం వెతుక్కుంటున్నాడు.

"అమ్మ ఉంది కదా అని మీరు అనలేదేం?"

కలం వెతుకుతున్న చెయ్యి జేబులోనే ఆగింది.

"పాప పిలిస్తే వినే మనిషి కావాలంటే, అమ్మ పనికిరాదా అని అడగలేదేం?"

అతను తల్లి వీపు వైపు ఒకసారి చూశాడు. చీపురు ఆగలేదు.

"మీకు తెలుసు" అంది ఆమె. గొంతు తగ్గించాల్సిన అవసరం లేదు, అయినా తగ్గిపోయింది. "ఎన్నాళ్ళ నుంచి?"

మర ఆగి ఉంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అయినా అతను నోరు తెరవలేదు. చేతులతో చెప్పాడు. కడుపు మీద అరచెయ్యి గుండ్రంగా తిప్పి, వేలు వెనక్కి చూపించాడు. పిల్ల కడుపులో పడకముందు నుంచి. తర్వాత చూపుడువేలు పెదవుల మీద నిలబెట్టాడు. అమ్మతో అనకు, తట్టుకోలేదు.

తెలిసి, పిల్లని ఆ ఒళ్ళో పెట్టి, ఇన్నాళ్ళూ బెల్టుకి మైనం రాస్తూ కూర్చున్నాడు. తల్లి మనసు నొప్పించకూడదని. కోపం అనే మాట చాలలేదు ఆమెకి.

చంకలో బొమ్మ వాళ్ళ నాన్న చేతుల్నే శ్రద్ధగా చూస్తోంది. చూసి, తనూ చిన్న వేలు తీసి పెదవుల మీద నిలబెట్టుకుంది. బాగా చేశానా అన్నట్టు నాన్న వంక చూసింది.

ఆమె ఆ వేలు పట్టుకుని కిందికి దించింది. వెళ్ళి అత్తగారి భుజం తట్టింది. అత్తగారు తిరిగింది. అలవాటుగా ఆవిడ కళ్ళు కోడలి పెదవుల మీదికి వచ్చాయి.

"అత్తయ్యా" అంది ఆమె, ప్రతి మాటా పెదవుల మీద తేటగా కనబడేలా. "నేను చెప్పలేదు. మీ అబ్బాయికి ఎప్పుడో తెలుసట."

అత్తగారు ఆ మాట చదువుకుంది. చీపురు పట్టుకునే, కోడలి భుజం మీదుగా కొడుకు వైపు చూసింది.

అతను ఇంకా పెదవుల మీది వేలు తియ్యలేదు.